మా బరంపురంలో అలాంటివాళ్ళు లేరు

మా బరంపురంలో గే మగవాళ్ళు లేరు. (పేపరువాళ్ళు రాసే పెద్ద మాటకు నోరు తిరగదు కనక గే అనే అంటాను.) ఇది ఆషామాషీగా అంటున్న మాట కాదు. నలభై ఏళ్ళుగా ఈ ఊరికి వచ్చిన ప్రతి తెలుగు సినిమానూ మొదటి వారంలోనే చూసినవాణ్ణి. 1936 ఏప్రిల్ 1న మమ్మల్ని మద్రాసు నుంచి తీసి ఒరిస్సాలో కలిపారుగానీ, సినిమా రిలీజైన రోజు మేం ఇప్పటికీ ఆంధ్రాలోనే ఉంటాం.

గే మగవాణ్ణి ఎలా గుర్తుపట్టాలో ఆ సినిమాలే మాకు ఓపిగ్గా నేర్పాయి. గులాబీరంగు చొక్కా వేస్తాడు. మణికట్టు వేలాడుతుంటుంది. బస్సులోనో లాకప్పులోనో హీరో పక్కన చేరి బుగ్గ గిల్లుతాడు. వెనకాల ‘టొయ్ఁ’ అని ఒక మ్యూజిక్. హీరో ఛీ అని తోసేస్తాడు, హాలంతా నవ్వుతుంది, వాడు మళ్ళీ కనపడడు. వాడికి పేరుండదు, ఇల్లుండదు, పండక్కి ఎదురుచూసే అమ్మ ఉండదు. రెండు నిమిషాల్లో పని ముగించుకుని వెళ్ళిపోయే ఇంత వినయమైన పాత్రను నేను మరొకటి చూడలేదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, గే సంబంధాల్ని నేరమన్న 377 సెక్షన్ పరిధి నుంచి వయసొచ్చినవాళ్ళ ఇష్టపూర్వక సంబంధాలను తప్పించింది. 1860 నాటి చట్టాన్ని సవరించడానికి అయిదుగురు జడ్జీలు సరిపోయారు. ఆ మ్యూజిక్‌ని మార్చడం మాత్రం ఎవరి వల్లా కాలేదు.

ఈ గుర్తులు పట్టుకుని ఊరంతా గాలించాను. గులాబీరంగు చొక్కాలు దొరికాయిగానీ, అది పెళ్ళిళ్ళలో బట్టలు పెట్టినవాళ్ళ తప్పు. ఆడవేషం కట్టిన మగవాళ్ళూ దొరికారు, ఠాకురాణీ యాత్రలో. రెండేళ్ళకోసారి మా ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణీ పుట్టింటికి వస్తే మొక్కున్నవాళ్ళు వేషాలు కడతారు. ఒకడు పులి, ఒకడు రాముడు, ఒకడు రాధ. పొద్దున అప్పడాల కొట్లో లెక్కలు రాసినవాడు సాయంత్రం కాటుక దిద్దుకుని వస్తే ముసలమ్మలు దండం పెడతారు. అది భక్తి. స్థానం నరసింహారావు గారు నాటకంలో సత్యభామగా నడుస్తుంటే ఆడవాళ్ళే నేర్చుకునేవారట, ఆయనకు 1956లో పద్మశ్రీ ఇచ్చారు. అది కళ. చీర కట్టిన మగవాడితో మాకెప్పుడూ పేచీ లేదు. ప్యాంటు తొడుక్కున్న మగవాడు ప్యాంటు తొడుక్కున్న ఇంకో మగవాణ్ణి ప్రేమిస్తేనే అది విదేశీ సంస్కృతి.

ఉదాహరణకు మా అక్క కొడుకు. విశాఖపట్నంలో ఉద్యోగం, ముప్పై ఏడేళ్ళు. మీసం ఉంది. గ్యాసుబండ ఒంటిచేత్తో ఎత్తుతాడు. మణికట్టు నేను స్వయంగా పరిశీలించాను, తిన్నగా ఉంది. పదకొండేళ్ళుగా ఒక రూమ్మేటుతో ఉంటున్నాడు, అద్దె కలిసొస్తుందని. రెండేళ్ళ కిందట ఇద్దరూ కలిసి లోను పెట్టి ఫ్లాటు కొన్నారు, అద్దె ఇంకా కలిసొస్తుందని. ఈ కాలపు కుర్రాళ్ళలో ఇంత పొదుపు అరుదు. నా కూతుర్ని ఇస్తానంటే, “తను నాకు చెల్లెల్లాంటిది మావయ్యా” అన్నాడు. మేనమామ కూతురు చెల్లెలెలా అవుతుంది? వరసలు తెలియని పిల్లాడని వదిలేశాను.

మొన్న వాడి చెల్లెలి పెళ్ళికి రూమ్మేటు మూడు రోజుల ముందే దిగాడు. మా అక్క పట్టుచీర కొంగు జారుతుంటే పిన్ను పెట్టింది అతనే. భోజనాల దగ్గర చూశాను. అవతలివాళ్ళతో మాట్లాడుతూనే, కళ్ళు తిప్పకుండానే, మా వాడి ఆకులోంచి పచ్చిమిరపకాయలు ఒక్కొక్కటే ఏరి తన ఆకులో వేసుకుంటున్నాడు. మా వాడూ కూర కలుపుకోకుండా ఆ ఏరడం అయ్యేదాకా ఆగాడు. ఫొటోగ్రాఫరు “ఫ్యామిలీ మాత్రమే రండి” అన్నప్పుడు అతను ఎవరూ చెప్పకుండానే పక్కకు జరిగి, మా వాడి ఫోనూ పర్సూ పట్టుకుని నిలబడ్డాడు. మా పెద్దత్తయ్య పట్టుకుంది: “ఏం బాబూ, నీ పప్పన్నం ఎప్పుడు?” “ఇంట్లో చూస్తున్నారండీ” అని నవ్వాడు. గంట తర్వాత మా వాణ్ణీ అదే అడిగింది. అదే మాట, అదే నవ్వు.

నటనంటే అదీ. కానీ అవార్డులు వేరేవాళ్ళకు పోతాయి. గే పాత్ర వేసి టామ్ హాంక్స్ 1994లో ఆస్కారు అందుకున్నాడు, షాన్ పెన్ 2009లో. ఇద్దరూ గే కాదు కనక ఎంత సాహసం అన్నారు. ఇంగ్లీషు నటుడు ఇయాన్ మెకెల్లెన్ తాను గేనని 1988లో రేడియోలో చెప్పేశాడు. పదేళ్ళకు గే దర్శకుడి పాత్ర వేస్తే నామినేషన్ ఇచ్చి అవార్డు ఇంకొకరికిచ్చారు. 2024లో, గే పాత్ర వేసిన గే నటుడు కోల్మన్ డొమింగోకీ అదే మర్యాద. న్యాయమే మరి, తన పాత్ర తనే వేసుకుంటే అందులో కష్టమేముంది?

పాత హాలీవుడ్ హీరో రాక్ హడ్సన్ దగ్గర మాత్రం నాకు కొంచెం అన్యాయం అనిపిస్తుంది. తెర మీద ఆడవాళ్ళ కలల రాకుమారుడు. తెర బయటా అదే వేషం. 1955లో తన ఏజెంటు సెక్రటరీని పెళ్ళాడాడు, 1958లో విడాకులు. 1985లో ఎయిడ్స్ జబ్బు బయటపడేదాకా జనానికి సంగతి తెలియలేదు. ఆయనకు దక్కింది ఒక్క నామినేషన్, అదీ తెర మీద చేసినదానికే. బయట ముప్పై ఏళ్ళు ఆడిన దానికి పైసా లెక్క కట్టలేదు.

మన వైపు చూస్తే, 2023లో డెబ్బై రెండేళ్ళ మమ్ముట్టి తన సొంత డబ్బు పెట్టి మరీ గే భర్త పాత్ర వేశాడు. ఆ సినిమాకు కేరళ ప్రభుత్వం ఉత్తమ చిత్రం అవార్డు ఇచ్చింది. మలయాళీలకు ఏమైనా చెల్లుతుంది. మన హీరోలకు ఫ్యాన్స్ ఉన్నారు, అంటే మేమున్నాం. ఎనభై మందిని నరికిన కత్తితో కటౌటు కడితే ఏ టెన్షనూ లేదు. పక్కన ఇంకో మగాడి చెయ్యి పట్టుకుని నిలబడితే పాలు ఎవరి మీద పొయ్యాలి? ఇద్దరి మీదా పొయ్యాలంటే బడ్జెట్ చాలదు.

పెళ్ళిలో పడకలు పంచింది నేనే. మా వాడికి నా గదిలో, రూమ్మేటుకి డాబా మీద వంటవాళ్ళతో. రాత్రి రెండింటికి మంచినీళ్ళకు లేచి హాల్లోకి వచ్చేసరికి ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. కొత్త చెప్పులు కరిచి మా వాడి మడమ పుండైంది. అతను ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని కొబ్బరినూనె రాస్తున్నాడు. నన్ను చూసి ఇద్దరూ ఒక్కసారే లేచారు.

“కరెంటు పోయింది మావయ్యా. గాలికి కూర్చున్నాం” అన్నాడు మా వాడు.

“అవున్రా నాన్నా, ఒకటే ఉక్క” అన్నాను నేను. నా నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఆ గాలికి భుజం మీది కండువా ఎగిరిపోతుంటే చేత్తో పట్టుకున్నాను.