ఎడమ వైపు గోడ గారికి, సగం ఓనరు రాయునది

మహారాజశ్రీ ఎడమ వైపు ఉమ్మడి గోడ గారి దివ్య సముఖమునకు,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నా గానీ, తమరికి ఉభయం ఉంది తప్ప కుశలం లేదు, అందుకని డైరెక్టుగా విషయానికొస్తున్నా.

ఇవాళ శుక్రవారం. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు లోపల మేస్త్రీ వస్తానన్నాడని హాఫ్ డే లీవ్ పెట్టి, తమరి ముందు నుంచి సోఫా లాగి, కింద ప్లాస్టిక్ షీట్ పరిచి, కుర్చీ వేసుకుని కూర్చున్నా. మూడు నలభైకి "కొంచెం లేట్ అవుతుంది" అని మెసేజ్. ఐదూ పదికి "సోమవారం వస్తా, అదే టైము" అని ఇంకోటి, చివర్లో దండం బొమ్మ. వానకి రాలేదేమో అని సర్దిచెప్పుకుందామంటే పని ఇంటి లోపల కదా! అలా ఐదు గంటలు మనిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం. నేను రెండు కాఫీలు తాగా, తమరు బకెట్లోకి నీళ్ళు వదిలారు. నిమిషానికి పదకొండు చుక్కలు, లెక్కపెట్టా, ఇంకేం పనుంది. చెప్పుకోడానికి మనిషి దొరక్క గోడకి చెప్పుకున్నట్టు అని మా అమ్మమ్మ అంటూండేది, ఉత్త మాటనుకున్నా ఇన్నాళ్ళూ.

అసలు మేం ఈ ఇల్లు కొన్నది మీ మొహం చూసే. అమెరికాలో ఈ బాల్టిమోర్‌లో రో హౌస్ అంటే ఏముంది, వరసగా ఒకదానికొకటి అంటుకుని మధ్య గోడ పంచుకునే ఇళ్ళు, పదమూడు అడుగుల వెడల్పు, రైలు పెట్టెలాగా ముందు నుంచి వెనక్కి పొడుగు, రెండు పక్కలా కిటికీ అన్నది ఉండదు. అలాంటివి ఇరవై చూసి చూసి ఏది ఏదో మర్చిపోయే స్టేజ్‌లో ఇక్కడ అడుగుపెట్టాం. హాల్లో మీరు, ఈ చివర నుంచి ఆ చివరదాకా ఇటుక ఇటుకా కనపడుతూ, 1892 నుంచి నిలబడే ఉన్నారు. లిస్టింగ్‌లో సగం ఫోటోలు మీవే. రియల్టరు మిమ్మల్ని అరచేత్తో నిమిరి "క్యారెక్టర్ అంటే ఇదీ" అంది. ఆవిడ చెయ్యి ఎర్రబడింది. మెల్లిగా ప్యాంటుకి తుడుచుకుంది. నేను చూశా. చూసి కూడా ఆఫర్ పెట్టా, అడిగినదానికన్నా ఎక్కువకి పెట్టా. ఇల్లు కట్టి చూడు అన్నారు గానీ, ఎవడో 1892లో కట్టిన ఇల్లు కొని చూడు అని మనకెవరూ చెప్పలేదు కదా.

తర్వాత వచ్చిన ఇంజనీరు చెప్పాడు అసలు సంగతి. వీధి వైపు మొహానికేమో బాగా కాలిన గట్టి ఇటుక పెట్టి, ఇళ్ళ మధ్య గోడలకి మాత్రం, ఎలాగూ ప్లాస్టర్ కింద కనపడదు కదా అని, బట్టీలో మంటకి దూరంగా ఉండిపోయి సరిగ్గా కాలని మెత్త ఇటుక వాడేసేవాళ్ళట. ఆ లేత రంగు చూసి సాల్మన్ ఇటుక అని చేప పేరు పెట్టారు. అంటే తమరు పుట్టింది జనానికి కనపడటానికి కాదు, ఒంటి మీద ప్లాస్టర్ కప్పుకుని గుట్టుగా ఉండటానికి. పాత ఓనరెవరో ఫ్యాషన్ అని ఆ ప్లాస్టర్ మొత్తం ఒలిచేసి మిమ్మల్ని బనీను మీద హాల్లో నిలబెట్టాడు, మేమొచ్చి దాన్ని చూసి క్యారెక్టర్ అనుకున్నాం.

ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు రెండో రోజు పొద్దున్నే సోఫా వెనక పొడి చూసి "కుంకుమ ఒలకబోశావేంటే" అంది. కాదత్తయ్యా, గోడ రాలుతోంది అన్నా. ఆవిడ మిమ్మల్ని ఒకసారి, నన్ను ఒకసారి చూసి "దీనికా ముప్ఫై ఏళ్ళ అప్పు" అంది. తమరేమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ఇంట్లో మిగతావాటి మీద నాకింత కోపం లేదు, అది ఒప్పుకోవాలి. కిటికీలు గాలొస్తే గజగజమంటాయి, మార్చుకుందామంటే హిస్టారిక్ డిస్ట్రిక్ట్ కాబట్టి వీధి వైపు వినైల్ (ప్లాస్టిక్) కుదరదు, చెక్కే పెట్టాలి, దానికి ముందు పర్మిషన్, సరే, వీధి అందంగా ఉండాలి, చలి మేం పడతాం. ముందున్న మూడు పాలరాతి మెట్లు కాకీస్‌విల్ రాయి, వాషింగ్టన్ మాన్యుమెంట్‌కి వాడిన రాయేనట, గొప్పే, కానీ మరక పడితే మోకాళ్ళ మీద కూర్చుని తోమాల్సింది నేను. కొత్త మంచం మెట్ల మలుపులో ఇరుక్కుని మా ఆయన్ని రెండు గంటలు పై అంతస్తులో బందీ చేసింది. ఎదురు వరస వాళ్ళు అసలు ఇటుక గొడవే లేకుండా ఫార్మ్‌స్టోన్ తొడుక్కుని కూర్చున్నారు, 1937లో పేటెంటైన దొంగ రాయి, సిమెంటుకి రాయి వేషం, ఒకప్పుడు చూసి నవ్వేదాన్ని, ఇప్పుడు కొంచెం కుళ్ళుగా ఉంటుంది.

గ్రౌండ్ రెంట్ సంగతి ఒక్కటి మాత్రం చెప్పాలి. ఇల్లు మాదే, కింద నేల మాది కాదు, 99 ఏళ్ళ లీజు, అయిపోగానే మళ్ళీ 99, అలా ఎప్పటికీ. ఏడాదికి 96 డాలర్లు, ఆర్నెల్లకోసారి 48. ఇళ్ళ మీద కొత్త గ్రౌండ్ రెంట్లు పెట్టకూడదని 2007లో చట్టం తెచ్చారు, పాతవి మాత్రం అలాగే ఉన్నాయి. అయినా దానికో దారుంది, మా లీజు రాసిన కాలానికి 6 శాతం లెక్క, అంటే 96ని 0.06తో భాగించి, 1,600 డాలర్లు కట్టేస్తే నేల మనదైపోతుంది. చూడండి, 1892 నాటి నేలని కూడా లెక్క కట్టి వదిలించుకోవచ్చు. తమరిని వదిలించుకునే లెక్క ఏ పుస్తకంలోనూ లేదు.

ఎందుకంటే డీడ్‌లో హద్దు "గోడ నడిమధ్య నుంచి" పోతుందని రాసుంది. తమరి మందం తొమ్మిది అంగుళాలు, పక్కపక్కన రెండు ఇటుక వరసలు. అందులో నాలుగున్నర అంగుళాలు నావి, నాలుగున్నర అంగుళాలు పక్కింటివి. పక్కింటి ఓనరు మనిషి కాదు, ఒక ఎల్‌ఎల్‌సీ, అంటే కాయితం మీద కంపెనీ, దాని అడ్రసు వేరే రాష్ట్రంలో ఒక పోస్టు బాక్సు. నాలుగు ఉత్తరాలు రాశా, రెండు తిరిగొచ్చాయి, మిగతా రెండు ఏ గోడ పక్కన పడున్నాయో. 2024లో ఈ ఊళ్ళో ఖాళీ ఇళ్ళు దాదాపు 13 వేలు, అందులో ఒకటి నాకు అంటుకుని ఉంది. 311కి ఫోన్ చేశా (ఊరి ఫిర్యాదుల నంబరు, దేశంలోనే మొదట పెట్టింది ఈ ఊళ్ళోనే, 1996లో), వాళ్ళొచ్చి తలుపుకి నోటీసు అంటించారు, ఎల్‌ఎల్‌సీ దాన్ని చదవడానికి రాలేదు, వానొచ్చి చదివింది. కోర్టుకెళ్ళి, ఇంటిని కోర్టు నియమించిన మనిషి చేతికి అప్పగించే రిసీవర్‌షిప్‌లో వేలం వేయించే దారి ఉంది, కానీ కోర్టు తన టైములో కదులుతుంది, చుక్క తన టైములో పడుతుంది. 1970ల్లో ఇదే ఊరు ఆటర్‌బైన్ అనే పేటలో పాడుబడ్డ ఇళ్ళని, బాగుచేసుకుని అందులోనే కాపురం ఉండాలని షరతు పెట్టి ఒక్కో డాలరుకి అమ్మింది. ఆ పక్కిల్లు నాకు డాలరుకి ఇస్తే ఇప్పుడే కొంటా, కప్పు మీద ఆ చిల్లు ఒక్కటి పూడ్చి తాళం వేసి వచ్చేస్తా.

చిల్లు వాళ్ళది. నీళ్ళు వాళ్ళ కప్పులోంచి దిగి వాళ్ళ నాలుగున్నర అంగుళాలు తాగేసి నా నాలుగున్నర అంగుళాల్లోకి వస్తాయి. నీళ్ళకి డీడ్ చదవడం రాదు. ఇన్సూరెన్స్ వాళ్ళకి మాత్రం బాగా వచ్చు, "నెమ్మదిగా ఊరిన చెమ్మ" పాలసీలోకి రాదట, ఒకేసారి గోడ మొత్తం హాల్లోకి కూలి ఉంటే ఆలోచించేవాళ్ళేమో.

ఇంక గారూ తమరూ అనడం నావల్ల కాదు. అసలు నువ్వు ఎవరి పక్షం? గోడ మీద పిల్లి అని మనుషుల్ని తిడతారు, పిల్లి నయం, ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక పక్కకి దూకుతుంది. నువ్వు గోడవి. మార్ట్‌గేజ్ కట్టేది నేను, టాక్స్ కట్టేది నేను, సోఫా వెనక రోజూ తుడిచేది నేను, నువ్వు మాత్రం అడ్రసు లేని వాడి నీళ్ళు మోసుకొచ్చి నా హాల్లో పోస్తావు. ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అనలేదు.

పోనీ వైద్యం చేయిద్దామంటే నీకు మందు కూడా అందరి మందూ పడదు. మొదటొచ్చిన మేస్త్రీ "ఒక్క రోజు పని, పోర్ట్‌లాండ్ సిమెంట్ కొట్టేస్తా" అన్నాడు, చవక కూడా. వద్దని ఇంజనీరు చెయ్యి అడ్డం పెట్టాడు. సిమెంట్ ఇటుక కన్నా గట్టిది, చెమ్మని బయటికి పోనివ్వదు, అప్పుడు ఆ చెమ్మ మెత్త ఇటుకలోంచే దారి వెతుక్కుంటుంది, చలికి గడ్డకట్టి మొహం పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. పాత ఓనరు కిందెక్కడో రెండు చోట్ల సిమెంట్ పూశాడు, సరిగ్గా ఆ చుట్టూనే ఇటుకలు గుల్లయి ఉన్నాయి, వేలు పెడితే లోపలికి పోతోంది. నీకు సున్నమే కావాలి. మన ఊళ్ళల్లో పాత ఇళ్ళకి డంగు సున్నం వేసేవాళ్ళే, అలాగన్నమాట. ఆ పని తెలిసిన వాడు ఒకడు దొరికాడు, ఆరు వారాలు ఆగితే డేటిచ్చాడు, ఆ డేటే ఇవాళ. సున్నానికేమో చలి పడదు, నలభై ఫారెన్‌హీట్ కిందకి దిగితే పని ఆపేయాలట, పక్కిల్లు కప్పుకి చిల్లు పడ్డ ఖాళీ కొంప కాబట్టి నువ్వు లోపలున్నా బయటున్నట్టే లెక్కట. నవంబర్ సగం అయిపోయింది. ఇంకో రెండు సోమవారాలు ఇలాగే పోతే మళ్ళీ వసంతమే.

వసంతం దాకా నువ్వు ఆగినా దూలాలు ఆగవు. కిందటి నెల ఇంజనీరు బేస్‌మెంట్‌లో టార్చి వేసి చూపించాడు, మా నేల దూలాల చివర్లు నీలో పెట్టిన గూళ్ళల్లో కూర్చుని ఉన్నాయి, అటువైపు నుంచి వాళ్ళవి కూడా. స్క్రూడ్రైవర్‌తో ఒక దూలం కొస పొడిచాడు. టక్‌మని ఆగలేదు. జున్నులోకి దిగినట్టు దిగింది. ఆయన ఏమీ అనకుండా పక్క దూలం పొడిచాడు. అది గట్టిగా ఉంది. హమ్మయ్య అని నేను ఆయన భుజం పట్టుకున్నా, మా ఆయన పక్కనే ఉండగా.

చలికాలం వస్తే నీ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. కుడి గోడకి అవతల పెద్దావిడ ఉంటుంది, ఆవిడ హీటరు, ఆవిడ వంట, ఆవిడ టీవీ, అన్నీ కలిపి ఆ గోడ జనవరిలో కూడా గోరువెచ్చగా ఉంటుంది, బేస్‌బాల్ రోజుల్లో ఓరియోల్స్ స్కోరు నాకు గోడలోంచే తెలుస్తుంది. నీ మీద చెయ్యి పెడితే మంచు. అవతల మనిషి లేని గోడవి.

ఆ పెద్దావిడ ఈ వీధిలో యాభై ఏళ్ళ పైన ఉంది. నువ్వు ఎప్పుడూ ఇలా లేవని ఆవిడే చెప్పింది. పక్కింట్లో ఒక కుటుంబం ఉండేదిట, హాల్లో పియానో, దాన్ని నీకే ఆనించి పెట్టారట. వాళ్ళ పిల్ల రోజూ సాయంత్రం ఒకే పాట తప్పులతో వాయిస్తుంటే వేసవిలో మెట్ల మీద కూర్చున్న వీధి వీధంతా ఆ తప్పు ఎక్కడొస్తుందో కంఠతా పట్టేశారట. అంటే నీక్కూడా వచ్చే ఉంటుంది. అది విన్నాక నిన్ను తిట్టాలంటే మునుపటంత ఊపు రావట్లేదు, చిరాగ్గా ఉంది.

ఇందాక ఆరింటికి ఆవిడే తలుపు కొట్టి "హన్, వచ్చాడా మీ మేస్త్రీ?" అంది (హన్ అంటే ఈ ఊరి భాషలో బంగారం అన్నట్టు). లేదన్నా. ఏమీ ఆశ్చర్యపోలేదు. వెళ్ళి వాళ్ళ బేస్‌మెంట్‌లోంచి ఒక పెద్ద బకెట్ తెచ్చిచ్చింది, మన బకెట్‌కి రెండింతలుంటుంది. అడుగున పాత తుప్పు మరకలు వలయాలు వలయాలుగా ఉన్నాయి, అంటే ఆవిడ కూడా ఎప్పుడో ఏదో ఒక గోడ కింద పెట్టిందన్నమాట, అడగలేదు.

రేపు రాత్రి మళ్ళీ వానట. సోమవారం పన్నెండు నుంచి నాలుగు. అప్పటిదాకా కాస్త చిన్నగా కారు.

ఇట్లు,
నీ కుడి వైపు నాలుగున్నర అంగుళాల ఓనరు