నాలుగు ఖాళీ జాగాలు, ఒక నడక దారి

ఒడిశాలోని బరంపురంలో మా సాహి (వీధి) వెనక వరసగా నాలుగు ఖాళీ ప్లాట్లున్నాయి. వాటిని కలిపి నడక దారి, చిన్న తోట వేద్దామని పిన్ని పట్టుదల. ముగ్గురు ఓనర్లు సరేనన్నారు. నాలుగోది విశాఖలో ఉండే ఒకాయనది. పెత్తనం ఇక్కడున్న ఆయన తమ్ముడిది. పిన్నికీ ఆ తమ్ముడికీ జరిగిన వాదన, టీ తాగుతూ నేను విన్నంతవరకు ఇది.

పిన్ని: వయ్యారిభామ కలుపు పీకించి, చెత్త ఎత్తించి, నాలుగడుగుల దారి వేస్తాం నాయనా. అంచున మందారాలు. లారీలు తప్పించుకుంటూ రోడ్డు మీద నడవలేకపోతున్నాం.

తమ్ముడు: రేపు అన్నయ్య ఇల్లు కడతానంటే ఆ మందారాలు పీకి పాపం మూటగట్టుకునేది నేనేగా?

పిన్ని: ఆ రేపు పదిహేనేళ్లుగా వస్తూనే ఉంది.

తమ్ముడు: పన్నెండేళ్లు ఎవరి చేతిలో ఉంటే జాగా వాళ్లదైపోతుందట కదా పిన్నీ.

పిన్ని: 1963 లిమిటేషన్ చట్టంలో ఆ లెక్క ఉంది. కానీ అది ఓనరుని కాదని, తనదే అన్నట్టు అనుభవించినవాడికి. అడిగి నడిచేవాళ్లకి కాదు. అందుకే కాగితం రాసుకుందామంటున్నా. సిమెంటు కూడా వేయం, గ్రావెలే. అనుమతి మీద పక్కా పని చేయనిచ్చాక దాన్ని వెనక్కి తీసుకోవడం కష్టం. 1882 ఈజ్‌మెంట్స్ చట్టంలో ఉంది, చదివే వచ్చాను.

తమ్ముడు: చట్టం దేవుణ్ణి ఆపుతుందా? వేప మొక్క పెడతారు. ఏడాది తిరక్కుండా ఎవడో దాని కింద రాయి పెట్టి పసుపు రాస్తాడు. ఇక కదపగలనా?

పిన్ని: (నవ్వి) అది నా భయం కూడా. వేపా వద్దు, రావీ వద్దు. అమెరికాలో ఫిలడెల్ఫియాలో 541 ఖాళీ జాగాలు తీసుకుని, చీటీలు వేసినట్టు కొన్నిటిని ఎంచి బాగుచేశారు. చెత్త ఎత్తి, గడ్డి వేసి, కొద్దిగా మొక్కలు నాటి, పొట్టి చెక్క కంచె కట్టారు. అంతే. పేదల పేటల్లో తుపాకీ నేరాలు 29 శాతం తగ్గాయని 2018లో లెక్క తేల్చారు.

తమ్ముడు: మన సాహిలో తుపాకులెక్కడివి? ఉన్నవి పందులూ, పాములూ.

పిన్ని: వాటికీ పొదలే కదా ఇల్లు! ఆ ఫిలడెల్ఫియాలో పెద్ద తోటలేం వేయలేదు. మానకుండా వచ్చి గడ్డి కోశారు.

తమ్ముడు: అదే నా అసలు బాధ. మొదటి వారం అందరూ పార పట్టుకుని ఫొటోలు దిగుతారు. మే ఎండల్లో నీళ్లెవరు పోస్తారు? 2013లో ఫైలిన్ తుఫానుకి ఎన్ని చెట్లు పడ్డాయో మీరు చూడలేదా? కొమ్మ విరిగి ఎవరి ప్రహరీ మీదో పడితే ఖర్చు ఎవరిది?

పిన్ని కాసేపు కప్పు కేసి చూసింది. నాకైతే ఆ మౌనం నచ్చింది.

పిన్ని: కొమ్మ పడేంత చెట్లు వేయను. నీళ్లకి మాత్రం జవాబు లేదు. మా బావి ఉంది. మోసుకొచ్చే మోకాళ్లే లేవు.

తమ్ముడు: అయితే మొక్కలు మానేయండి. ఈ వానలు అయ్యేదాకా గడ్డి కోసి, దారి ఒక్కటే నడిపి చూపించండి. మందారాల సంగతి తర్వాత.

పిన్ని: మరి కాగితం?

తమ్ముడు: తెలుగులో రాయించండి. వదిన చదవనిదే అన్నయ్య సంతకం పెట్టడు. ఆవిడకి ఒడియా రాదు.

పిన్ని: మిగతా ముగ్గురిలో ఇద్దరు ఒడియావాళ్లే. రెండు భాషల్లోనూ రాయిస్తా. ముందు గేటు తాళం చెవి ఇయ్యి.

తమ్ముడు: చెవి ఇస్తాను గానీ, తాళం తుప్పు పట్టింది. వచ్చేటప్పుడు కాస్త నూనె తెచ్చుకోండి.