ఎఫ్‌సీకి వెళ్లే దారేది?

ఎఫ్‌సీ, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి తగినదని చెప్పే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, లేదని బండి ఆపారు. ఎక్కడికి పోతున్నావని అడిగారు. ఎఫ్‌సీకేనండీ అన్నాడు డ్రైవరు. అయినా చలానా రాశారు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆటో, ట్రాలీ, లారీ నడుపుకొని బతికేవాళ్లలో ఎవరిని కదిలించినా ఇలాంటి కథ ఒకటి చెబుతారు. చలానాతో పోలేదు, బండినే స్టేషన్‌లో పెట్టేశారనేవాళ్లూ ఉన్నారు. అది బయటికి వచ్చేసరికి ఎఫ్‌సీ పరీక్షకు బుక్ చేసుకున్న స్లాటు దాటిపోతుంది. గడువు తీరిన నాటి నుంచి రోజుకు 50 రూపాయల అదనపు రుసుము మాత్రం ఆగదు.

చలానా రాసిన బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ను తిట్టి లాభం లేదు. చట్టం ప్రకారం ఆయన చేసింది తప్పు కాదు. మా అభ్యంతరమంతా అక్కడే.

మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. రవాణా వాహనానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేకపోతే అసలు రిజిస్ట్రేషనే లేనట్టు లెక్క అంటుంది అందులో సెక్షన్ 56. రిజిస్ట్రేషన్ లేని బండి రోడ్డెక్కితే సెక్షన్ 192 కింద మొదటిసారి 2 వేల నుంచి 5 వేల దాకా జరిమానా. మళ్లీ దొరికితే 10 వేల దాకా పడుతుంది, ఏడాది వరకు జైలు కూడా ఉండొచ్చు. సెక్షన్ 207 కింద బండిని స్వాధీనం చేసుకోవచ్చు. ఇంత గట్టిగా ఉన్నందుకు మాకు బాధ లేదు. బ్రేకులు పడని లారీ రోడ్డు మీద ఉండకూడదు. కానీ ఎఫ్‌సీ ఇంట్లో కూర్చుంటే వచ్చే కాగితం కాదు. బండిని ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాలి, లేదా ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్‌లో యంత్రం మీదికి ఎక్కించాలి. అక్కడిదాకా బండి ఎలా వెళ్లాలి? సెక్షన్ 56 ఈ సంగతి ఎత్తదు, 192 కూడా ఎత్తదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెతను చట్టం చేసి కూర్చున్నారు.

చట్టం రాసినవాళ్లకు మినహాయింపులు రాయడం తెలియదా అంటే బాగానే తెలుసు. జబ్బుపడినవాళ్లనో గాయపడినవాళ్లనో అత్యవసరంగా తీసుకెళ్లే బండికి జరిమానా వర్తించదని అదే సెక్షన్ 192 చెబుతుంది. ఏడు రోజుల్లో రవాణా అథారిటీకి తెలియజేస్తే చాలు. పర్మిట్ల సంగతి చూసే సెక్షన్ 66, మరమ్మతు కోసం ఖాళీగా వెళ్లే రవాణా వాహనానికి పర్మిట్ అక్కర్లేదంటుంది. ఇక కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 41వ రూల్ మరీ ముచ్చటైనది. రిజిస్ట్రేషన్ కాని కొత్త బండిని డీలరు ట్రేడ్ సర్టిఫికెట్ మీద ఏయే పనులకు రోడ్డు మీదికి తేవచ్చో వరసగా లెక్కపెడుతుంది. పరీక్షకు తేవచ్చు, కాటాకు తేవచ్చు, రిజిస్ట్రేషన్‌కు తేవచ్చు, కొనబోయేవారికి నడిపి చూపవచ్చు, చివరికి ఎగ్జిబిషన్‌కు కూడా తీసుకుపోవచ్చు. షోరూం బండికి ఇన్ని దారులు గుర్తుకొచ్చాయి. షెడ్డులో రిపేరు చేయించుకుని పరీక్షకు బయల్దేరిన పాత ఆటోకు ఒక్క దారీ గుర్తుకు రాలేదు.

దీన్ని అప్పుడప్పుడు జరిగే పొరపాటు అనుకోవడానికి కూడా వీల్లేదు. మన దగ్గర ఏటా ప్రభుత్వమే ముహూర్తం పెట్టి మరీ ఈ తప్పు చేయిస్తోంది. తెలుగు రాష్ట్రాల్లో స్కూలు బస్సుల ఎఫ్‌సీ గడువు మే 15తో ముగుస్తుంది. బడులు జూన్ 12కు అటూ ఇటూగా తెరుస్తారు. ఈ మధ్యలో బస్సులన్నీ వచ్చి పరీక్ష చేయించుకోవాలని రవాణా శాఖ ప్రకటనల మీద ప్రకటనలు ఇస్తుంది. అంటే మే 16 పొద్దున్న ఆర్టీఏ ఆఫీసు ముందు వరస కట్టే పసుపు బస్సుల్లో ప్రతిదీ, చట్టం మాట పట్టుకుంటే, రిజిస్ట్రేషన్ లేని వాహనమే. అత్యవసర ద్వారం తెరుచుకుంటుందా, మంటలార్పే సిలిండర్ ఎక్స్‌పైరీ దాటిందా, ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో దూదైనా ఉందా అని లోపల ఇన్‌స్పెక్టర్ చూస్తూ ఉంటాడు. గేటు బయట అదే శాఖవాళ్లు తలుచుకుంటే ఆ వరసలో ఉన్న బస్సులన్నిటినీ సీజ్ చేయవచ్చు. చేయరు. ఎందుకు చేయరంటే దయ.

ఆ దయే మమ్మల్ని భయపెడుతోంది. కాలేజీలు, పెద్ద స్కూళ్ల బస్సులు గుంపుగా వస్తే ఎవరూ ఆపరు. ఒంటరిగా వచ్చే ఆటోవాలాను ఆపుతారు. స్లాటు రసీదు చూపిస్తే ఒక అధికారి సరే పో అంటాడు, రెండో ఆయన ఇది చెల్లదంటాడు, మూడో ఆయన ఏమీ అనకుండా చేతుల వంక చూస్తాడు. ముగ్గురిలో చట్టానికి అడ్డంగా వెళ్లింది వదిలేసిన మొదటి ఆయనే! మంచివాడు తప్పు చేసినట్టు, కరకువాడు పని చేసినట్టు, చేయి చాపినవాడు మధ్యేమార్గం చూపినట్టు కనిపించే ఏర్పాటు ఇది. రాతలో లేని దయ ఎప్పుడూ ఇంతే. మనిషిని బట్టి, రోజును బట్టి, బండిని బట్టి దాని రేటు మారుతుంది.

గడువు తీరకముందే వచ్చి చేయించుకోవచ్చు కదా, మినహాయింపు ఇస్తే దాని చాటున ఎఫ్‌సీ లేని బండ్లన్నీ తిరుగుతాయి కదా అని అధికారులు అంటారు. మొదటి మాట నిజమే, ముందే రావాలి. కానీ ముందే వచ్చి పరీక్షలో ఫెయిలైన బండి సంగతేమిటి? బ్రేకు పట్టడం లేదని తిప్పి పంపిస్తారు. షెడ్డులో మెకానిక్ విడిభాగాలు తెప్పించి బిగించేలోగా గడువు తీరిపోతుంది. ఆ తర్వాత రెండోసారి పరీక్షకు ఎలా వెళ్లాలి? ఇంజను పనికి నెలల తరబడి నిలిచిపోయిన లారీ ఎలా రావాలి? గిరాకీ లేక త్రైమాసిక పన్ను మిగులుతుందని స్టాపేజీలో, అంటే తిప్పడం లేదని శాఖకు రాసిచ్చి, పక్కన పెట్టిన బస్సు మళ్లీ తిరగాలంటే? దానికి పన్నూ ఉండదు, ఎఫ్‌సీ కూడా ఉండకపోవచ్చు. రోడ్డు వాడని బండికి పన్ను అడగకూడదని విశాఖ ఉక్కు ఆవరణలో తిరిగే వాహనాల కేసులో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. పన్ను రోడ్డు వాడకానికే అయినప్పుడు, సర్కారు పిలిస్తే సర్కారు దగ్గరికే వచ్చే ఆ ఒక్క ట్రిప్పును ఏ లెక్కలో వేస్తారో కూడా రాసి ఉండాలి కదా. రెండో మాటకు, అంటే మినహాయింపు దుర్వినియోగం అవుతుందన్న దానికి, జవాబు బయటి దేశాల్లో ఎప్పుడో దొరికింది.

బ్రిటన్‌లో కారుకు మూడేళ్లు నిండాక ఏటా ఎంఓటీ అనే పరీక్ష తప్పనిసరి. అది లేకుండా నడిపితే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా ఉంటుంది. అయినా ముందుగా బుక్ చేసుకున్న పరీక్షకు తీసుకెళ్లే కారుకు ఎంఓటీ అక్కర్లేదని 1981 నాటి నిబంధనల్లోనే రాసిపెట్టారు. పరీక్షకు పోయి వచ్చే ఆ ప్రయాణానికి రోడ్డు పన్ను కూడా అక్కర్లేదని 1994 చట్టంలో చేర్చారు. పరీక్షలో ఫెయిలైతే, ముందే మాట్లాడుకున్న షెడ్డుకు తీసుకెళ్లడానికీ వీలుంది. అలాగని పగ్గాలు వదిలేయలేదు. బుకింగ్ ఉండాలి, ఇన్సూరెన్స్ ఉండాలి, ప్రయాణం ఆ పని కోసమే అయి ఉండాలి. ప్రమాదకరమైన లోపం తేలితే బాగుచేసేదాకా కారు కదలకూడదు. అక్కడ స్థిరపడిన మనవాళ్లలో పాత కారు కొనుక్కున్నవాళ్లను అడిగితే ఈ సంగతి అంతా అప్పజెబుతారు. పోలీసు ఆపితే బుకింగ్ చూపించి ముందుకు పోతారు. అక్కడ ఎవరి దయతోనూ పని లేదు.

మన దగ్గర ఇదేమీ కొత్తగా కనిపెట్టక్కర్లేదు. స్లాట్లు ఆన్‌లైన్‌లోనే ఇస్తున్నారు. బండి నంబరు, తేదీ, సమయం, కేంద్రం పేరు అన్నీ ఆ రసీదులో ఉంటాయి. ఆ రోజు, ఆ కేంద్రానికి, ఖాళీగా, ఇన్సూరెన్స్ ఉండి వెళ్లే బండికి ఆ రసీదే పాసు అని రాస్తే సరిపోతుంది. ప్రయాణికులను ఎక్కించుకుంటే, లోడు వేసుకుంటే, వేరే రూట్లో దొరికితే రెట్టింపు జరిమానా వేయండి, మేమూ సమర్థిస్తాం. ట్రాక్టర్‌కు కట్టి లాక్కుపోవాలనో, టోయింగ్ లారీ మీద వేసుకుపోవాలనో ఆటోవాలాకు చెప్పేవాళ్లు ఆ కిరాయి ఎంతో ఒకసారి కనుక్కోవాలి. పైగా టెస్టింగ్ స్టేషన్లు జిల్లాకు ఒకటో రెండో అయితే, ఇన్నాళ్లూ పక్క వీధిలో ఉన్న పరీక్ష పక్క పట్టణానికి మారుతుంది. బండి దారి పొడవునా దొరికిపోతూ వెళ్లాలి.

చలానాను మించిన ప్రమాదం ఇంకొకటుంది. ఆ దారిలో బండి ఎవరినైనా గుద్దితే? ఎఫ్‌సీ లేకపోవడం ఇన్సూరెన్స్ పాలసీ షరతులకు మౌలికమైన ఉల్లంఘనే అని 2018లో కేరళ హైకోర్టు ఫుల్ బెంచ్ తేల్చింది. బాధితులకు పరిహారం ఇచ్చి, ఆ సొమ్మును యజమాని దగ్గర రాబట్టుకునేందుకు ఇన్సూరెన్స్ కంపెనీలకు దారి దొరికినట్టే. చెక్‌పోస్టులో ఇన్‌స్పెక్టర్ దయతలచి వదిలేసి ఉండొచ్చు, ఆ దయ పరిహారం తేల్చే ట్రైబ్యునల్‌లో సాక్ష్యంగా పనికిరాదు. ప్రీమియం కట్టిన మనిషి, పరీక్షకు రమ్మంటే వచ్చిన మనిషి, ఆస్తులు అమ్ముకుని పరిహారం కట్టాల్సి రావచ్చు. సొంత కార్లవాళ్లు ఇది మనకు తగిలే గొడవ కాదులే అనుకోవద్దు. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగించాలన్నా బండిని చూపించాల్సిందే. ఆర్‌సీ గడువు దాటాక బయల్దేరితే వాళ్లదీ ఇదే కథ.

చట్టం మార్చడం అంత సులువా అని ఎవరైనా అంటే కొవిడ్ రోజులు గుర్తు చేస్తాం. 2020 ఫిబ్రవరి నుంచి గడువు తీరిన ఫిట్‌నెస్, పర్మిట్, లైసెన్సులన్నీ చెల్లుతాయని కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు ఉత్తరాలు రాసింది. పొడిగిస్తూ పొడిగిస్తూ 2021 అక్టోబరు 31 దాకా లాక్కొచ్చింది. ఏడాదిన్నరకు పైగా దేశమంతా ఆ ఉత్తరాల మీదే నడిచింది. ఒక్క పూట ప్రయాణానికి అలాంటి ఉత్తరం రాయడానికి ఢిల్లీకి తీరిక లేదు. 2022 మేలో రోజుకు 50 రూపాయల రుసుము ఎత్తేయాలని ఆటో, క్యాబ్, లారీ సంఘాలు హైదరాబాద్‌లో బంద్ చేసినప్పుడు నాయకులంతా వచ్చి సానుభూతి చెప్పారు. సానుభూతి కూడా దయ లాంటిదే, జీవోగా మారదు. రూలు మార్చాల్సింది కేంద్రం, నిజమే. అందాకా తనిఖీ సిబ్బందికి ఒక సర్క్యులర్ ఇవ్వడానికి రెండు రాష్ట్రాల రవాణా కమిషనర్లకు అడ్డేమిటి?

ఇకమీదట ఆ దయ కూడా దొరకదు. బిహార్‌లో 2024 నుంచి, ఒడిశాలో 2025 నుంచి టోల్‌గేటు దాటే బండ్ల కాగితాలను కంప్యూటరే చూస్తోంది. ఎఫ్‌సీ లేకపోతే చలానా దానంతటదే ఇంటికి వస్తుంది. ఎక్కడికి పోతున్నావని కెమెరా అడగదు, స్లాటు రసీదు చూడదు. మిగతా రాష్ట్రాలూ ఆ బాటే పడతాయి. జరిమానా వసూలు చేసే సాఫ్ట్‌వేర్‌కు డబ్బు దొరుకుతుంది, తయారుచేసేవాళ్లు దొరుకుతారు, ప్రారంభించడానికి మంత్రులూ దొరుకుతారు. స్లాటు ఇచ్చే వెబ్‌సైటు సర్కారుదే, చలానా పంపే కెమెరా సర్కారుదే. రెండింటినీ కలిపితే చాలు, పరీక్షకు వెళ్లే బండి ఏదో దానంతటదే తెలిసిపోతుంది. అది చేయకుండా తెలుగు నేల మీద టోల్‌గేట్లకు ఆ కెమెరాలు బిగిస్తే, అది రోడ్డు భద్రత కోసమని మాత్రం మాకు చెప్పకండి.