మా వీధిలో ఒక ఎగుమతిదారు

మా బైరాగిపట్టెడలో ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరు గారు మిద్దె మీద సోలార్ పలకలు పెట్టించుకున్న నాటి నుంచి ఆయన నడకే మారిపోయింది. తిరుపతి ఎండ సంగతి తెలిసిందే కదా, పగలంతా మీటరు యూనిట్లను గ్రిడ్డుకి తోస్తానే ఉంటుంది. "నేనిప్పుడు కరెంటు ఎక్స్‌పోర్టర్ అబ్బాయ్" అంటారు. మరి రాత్రిపూట మూడు ఏసీలు ఎవరి కరెంటుతో నడుస్తున్నాయి సార్ అంటే, పగటి సంగతి మాట్లాడుతుంటే రాత్రి ఊసెందుకని కసురుకున్నారు.

నవ్వుకున్నాను గానీ, సారు దేశాన్ని చూసే నేర్చుకున్నారని తర్వాత అర్థమైంది. 2017లో కేంద్రం మనం తొలిసారి విద్యుత్తులో నికర ఎగుమతిదారులమయ్యామని ప్రకటించింది. 2016 ఏప్రిల్ నుంచి 2017 ఫిబ్రవరి దాకా నేపాల్, బంగ్లాదేశ్, మయన్మార్‌లకు పంపింది 579.8 కోట్ల యూనిట్లు, భూటాన్ నుంచి తెచ్చుకుంది 558.5 కోట్లు. తీసేస్తే మిగిలిన 21.3 కోట్లతో మీసం మెలేశాం. చమురు మీటరు వైపు మాత్రం ఎవరూ చూడకూడదు.

ఆ మీటరుకీ ఒకప్పుడు మంచి రోజులున్నాయి. 1974లో ముంబై దగ్గరి సముద్రంలో, బాంబే హై అనే చోట చమురు పడ్డాక, 1980ల నడిమికల్లా దిగుమతి మన అవసరంలో మూడో వంతు దగ్గరికి దిగింది. ఆ తర్వాత బండ్లు పెరిగాయి, బావులు ముసలివయ్యాయి. 2015లో ప్రధాని, 77 శాతం ఉన్న దిగుమతిని 2022కల్లా పది శాతం తగ్గిద్దామన్నారు. 2022 వచ్చేసరికి 85 దాటింది. అంకె ఇంచుమించు అదే, దిక్కే కొంచెం మారింది.

అయినా మనం డీజిల్ ఎగుమతిదారులమే. గుజరాత్‌లోని జామ్‌నగర్ రిఫైనరీలో ముడిచమురు దించుకుని, మరిగించి, ఓడల్లో బయటికి పంపుతాం. యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా చమురు వద్దని ఒట్టు పెట్టుకున్న యూరప్ దేశాలు, ఆ రష్యా చమురునే తెచ్చుకుని శుద్ధి చేస్తున్న మన దగ్గర డీజిల్ కొన్నాయి. పాలవాడితో గొడవపడి పాలు మానేసిన ఇంటికి, అదే పాలు తోడేసి పెరుగుగా అమ్మినట్టన్నమాట. పాడిజిల్లా వాళ్లం, ఇందులో తప్పు పట్టలేం. కాకపోతే మన కొట్టంలో ఆవు లేదు, అంతే.

ఇవన్నీ ఒక ఎత్తు, గొడ్డా ఒక ఎత్తు. ఆ ఊరుండేది జార్ఖండ్‌లో, అంటే ఎక్కడ తవ్వినా బొగ్గు తగిలే రాష్ట్రంలో. అక్కడ 1,600 మెగావాట్ల ప్లాంటు కట్టి, ఆస్ట్రేలియా నుంచి బొగ్గు తెప్పించి, కరెంటును బంగ్లాదేశ్‌కి అమ్మే ఏర్పాటు చేశారు. 2023లో మొదలైంది. ఇది దిగుమతా, ఎగుమతా? నాకు తేలక సారునే అడిగాను.

ఆయన గొంతు సవరించుకుంటుండగా ఇంటి ముందు గ్యాస్ బండి ఆగింది. దేశంలో వాడే వంటగ్యాస్‌లో సగానికి పైగా గల్ఫ్ నుంచీ ఇంకెక్కడెక్కడి నుంచో వచ్చేదే. సిలిండరు లోపలికి పోతోంది, అమ్మగారు డబ్బులు లెక్కపెడుతున్నారు.

"మరి ఇదో సార్?"

"అది వంటింటి శాఖ అబ్బాయ్, నా పరిధిలోకి రాదు" అని సారు పలకలు తుడవడానికి మిద్దెక్కేశారు.