"ఒక సైజు పెద్దది తీసుకో" అనే సలహాదారులకు ఓ దండం

నవంబరు వచ్చిందంటే చాలు, సియాటెల్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో స్నోబోర్డుల, అంటే మంచు వాలు మీద నిలబడి జారే పలకల, చర్చ మొదలవుతుంది. బోర్డు పొడవెంత, దాని మీద బొమ్మ ఏమిటి, ఎంత తగ్గింపుకు దొరికింది అని రాత్రి పొద్దుపోయేదాకా సందేశాలు నడుస్తాయి. బూట్ల మాట ఎవరైనా ఎత్తితే మాత్రం ఒక్క ముక్కలో తేల్చేస్తారు: "నీ షూ సైజు కంటే ఒకటి పెద్దది తీసుకో. రెండు జతల సాక్సులు వేసుకోవాలి కదా!"

ఈ సలహా పుట్టుక నాకు తెలియనిది కాదు. బడి తెరిచే ముందు "వచ్చే ఏడాదికీ రావాలి" అంటూ పెద్ద బూట్లు కొని, ముందు దూది కుక్కి పంపిన ఇళ్లలో పెరిగినవాళ్లమే మనం. వాటితో బడికి నడిచి వెళ్లవచ్చు. మంచు వాలు మీద బోర్డు తిప్పలేం.

ఎందుకో చెబుతాను. బోర్డుకు కాలి వేళ్ల వైపున ఉన్న అంచు మీద తిరిగేటప్పుడు ఒంటి బరువు పాదం ముందు భాగానికి వస్తుంది, మడమ పైకి లేవబోతుంది. బూటు దాన్ని కిందికి పట్టి ఉంచాలి. లోపల మడమ ఒక సెంటీమీటరు లేచిందా, మీరు పెట్టిన బలంలో కొంత బూటులోనే ఆవిరైపోతుంది, బోర్డు ఆలస్యంగా కదులుతుంది. దాంతో మీరు తెలియకుండానే కాలి వేళ్లను ముడుచుకుని పట్టు కోసం వెతుకుతారు. పాదం అడుగున నొప్పి, పిక్కల్లో మంట. ఇక బూటును బోర్డుకు కట్టి ఉంచే బైండింగ్ పట్టీలను పళ్లు బిగబట్టి లాగుతారు. పాదం పైభాగం నలిగి రక్తం ఆడదు, వేళ్లు మొద్దుబారతాయి. అప్పుడు వినిపించే మాట: "అబ్బా, ఎంత చలి! ఇంకో జత సాక్సులు వేసుకోవాల్సింది." చలి ఒక్కటే కాదు మహాప్రభో, ఆ బిగింపు కూడా! రెండో జత మడతలు పడి ఇంకా ఒరుసుకుంటుంది. ఊలుతో చేసిన పలుచని పొడవు సాక్సు ఒకే ఒక్క జత చాలు. నూలువి అసలే వద్దు, చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతాయి.

సైజు దగ్గరికి వద్దాం. స్నోబోర్డు బూట్లకు మాండోపాయింట్ అనే కొలత ఉంది. అందులో దాపరికమేమీ లేదు, పాదం పొడవు సెంటీమీటర్లలో ఎంతో అంతే. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మడమ గోడకు ఆనించి బరువు వేసి నిలబడి, అన్నిటికంటే పొడవైన వేలిదాకా కొలవండి. రెండు పాదాలూ కొలవండి. 270 మిల్లీమీటర్లు వస్తే మీ సైజు 27, పురుషుల అమెరికన్ లెక్కలో దాదాపు 9. అదే మనిషి పరుగు బూట్లు 10 వేసుకుని తిరుగుతుండవచ్చు. ఆ 10ని తెచ్చి ఇక్కడ పెట్టకండి.

చెప్పులతో పెరిగిన మనలో చాలామందికి పాదం ముందు భాగం వెడల్పు. మామూలు బూటు పక్కల నొక్కుతుంది, వెంటనే పెద్ద సైజుకు పోతాం. వెడల్పు కుదిరినట్టే ఉంటుంది కానీ పొడవు పెరిగి మడమ వదులవుతుంది. పైగా బూటు పొడవైన కొద్దీ దాని ముందు భాగం బోర్డు అంచు దాటి మంచులో ఈడుస్తుంది. అదే పొడవులో వెడల్పు రకం అడగండి, చాలా కంపెనీలు చేస్తున్నాయి. ఒక దుకాణంలో ఓ కుర్రాడు నా బూటు ముందు భాగం బొటనవేలితో నొక్కి "ఇంత ఖాళీ ఉంది, భేష్" అన్నాడు. ఏమనాలి అతన్ని!

సరైన బూటులో నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడను తాకాలి, మోకాళ్లు వంచితే కొద్దిగా వెనక్కి జరగాలి. బిగించే ముందు మడమను నేలకు కొట్టి వెనక్కి దించండి. మునివేళ్ల మీద లేచి చూడండి, మడమ కదలకూడదు. కొత్తలో అంతా గట్టిగా ఉండటం మంచిదే, లైనర్ అనే లోపలి మెత్తని పొర వాడేకొద్దీ అణిగి చోటు ఇస్తుంది. చాలా లైనర్లను దుకాణంలోనే వేడి చేసి పాదానికి అమరేలా చేస్తారు కూడా. కానీ ఒకే చోట పొడిచినట్టు నొప్పి ఉంటే ఆ బూటు మీది కాదు, వదిలేయండి. ఇంట్లో ఓ అరగంట వేసుకుని తిరగండి, మంచు తగలనంతవరకు చాలా దుకాణాలు వెనక్కి తీసుకుంటాయి.

బూటు బిగించడానికి లేసులా, లేక తిప్పితే సన్నని తీగను బిగించే, 2001 నుంచి వస్తున్న బోవా చక్రమా అన్న వాదన నాకు విసుగు. ఒకే చక్రం ఉన్న కొన్ని బూట్లలో మడమ బిగిసేలోపు పాదం పైభాగం నలిగిపోతుంది. అలాంటప్పుడు రెండు చక్రాలవో, లేసులవో చూసుకోండి, అంతే. బూటు గట్టిదనానికి కంపెనీలు వేసే 1 నుంచి 10 అంకెలనూ మరీ నమ్మకండి, ఒక కంపెనీ 5 ఇంకొకరి 7తో సమానం కావచ్చు.

పిల్లల సంగతి అడుగుతారని తెలుసు. వాళ్లకీ పెద్దవి కొనకండి. సీజను మొత్తానికి అద్దెకిచ్చే దుకాణాలున్నాయి, జనవరికల్లా కాలు పెరిగితే కొన్నిచోట్ల బూట్లు మార్చి కూడా ఇస్తారు. అక్టోబరు దాటితే మంచి సైజులు మిగలవు, ముందే వెళ్లండి.