యూ-977లో హిట్లర్ ఎక్కలేదు

‘హిట్లర్ బెర్లిన్‌లో చావలేదు. యూ-977 అనే జర్మన్ సబ్‌మెరైన్ ఎక్కి అర్జెంటీనా పారిపోయాడు. దారిలో బ్రెజిల్ యుద్ధనౌకను కూడా ముంచారు. తర్వాత అమెరికా ఆ సబ్‌మెరైన్‌నే మాయం చేసింది.’ వాట్సాప్‌లో తిరిగే ఈ కథలో ఒక్క ముక్క నిజం. ఆ సబ్‌మెరైన్ 1945 ఆగస్టు 17న అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటాలో లొంగిపోయింది. అప్పటికి జర్మనీ ఓడి మూడు నెలలు దాటింది కాబట్టి అనుమానం రావడంలో వింతేమీ లేదు.

అయితే హిట్లర్ బంకర్‌లో కాల్చుకుని చచ్చింది ఏప్రిల్ 30న. యూ-977 నార్వేలోని క్రిస్టియన్‌సాండ్ నుంచి కదిలింది మే 2న. దవడ ఎముక, పళ్లు హిట్లర్‌వేనని అతని డెంటిస్టు దగ్గర పనిచేసిన వాళ్లే 1945లో గుర్తుపట్టారు. మాస్కోలో ఉన్న ఆ పళ్లను ఫ్రెంచి నిపుణులు మళ్లీ పరీక్షించి 2018లో అదే మాట చెప్పారు.

మరి మూడు నెలలు ఏం చేశారు? కెప్టెన్ హైన్జ్ షేఫర్‌కు అప్పుడు 24 ఏళ్లు. లొంగిపోకుండా అర్జెంటీనా పోదామన్నాడు. ఇంటికి పోతామన్న 16 మందిని మే 10న బెర్గెన్ దగ్గర ఒడ్డున దించాడు. మిగిలిన 32 మందితో విమానాల కంటపడకుండా స్నార్కెల్ గొట్టంతో (నీటి పైకి చాచి ఇంజిన్‌కు గాలి పీల్చే గొట్టం) నీటి అడుగునే నత్తనడకన సాగాడు. అల వచ్చి గొట్టం మూసుకుపోతే డీజిల్ ఇంజిన్ లోపలి గాలినే లాగేస్తుంది, చెవులు పగిలిపోతాయి. 66 రోజులు పైకే రాలేదని షేఫర్ చెప్పుకున్నాడు. ఆ అంకె మీద వాదనలున్నాయి, నేనూ కళ్లు మూసుకుని నమ్మను. కానీ ఆ నడకకు మూడు నెలలు పట్టడంలో మాత్రం మిస్టరీ లేదు.

ఇక బ్రెజిల్ నౌక ‘బహియా’. అది జులై 4న భూమధ్యరేఖ దగ్గర మునిగింది. ఫిరంగుల ప్రాక్టీసులో గుండు తగిలి, డెక్ మీదున్న సొంత డెప్త్ చార్జులే (సబ్‌మెరైన్ల మీద వేసే బాంబులు) పేలాయి. జులై 14న యూ-977 ఇంకా భూమధ్యరేఖకు ఉత్తరాన, ఆఫ్రికా పశ్చిమ తీరానికి ఎదురుగా ఉన్న కేప్ వెర్డె దీవుల దగ్గరే ఉంది, కుర్రాళ్లు ఈత కొడుతున్నారు. అసలు ఆ సబ్‌మెరైన్ తన జన్మలో ఒక్క ఓడనూ ముంచలేదు.

మాయం చేశారా? సిబ్బందిని అమెరికా వాళ్లు ‘హిట్లర్ ఏడీ’ అని గట్టిగానే అడిగారు. 1946 నవంబరు 13న అమెరికా తూర్పు తీరంలోని కేప్ కాడ్ దగ్గర, ‘అట్యూల్’ అనే తమ సబ్‌మెరైన్ టార్పెడో ప్రాక్టీసుకు యూ-977ను గురిగా పెట్టి ముంచేశారు.