సేవకు కొత్త నల్గొండ టెక్నిక్

నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రజ్ఞులు 1970ల్లో ఒక పద్ధతి కనిపెట్టి, దానికి మన జిల్లా పేరే పెట్టారు. నల్గొండ టెక్నిక్. బకెట్ నీళ్లలో పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్ వేసి, బాగా కలిపి వదిలేస్తే మడ్డి అడుగుకు చేరుతుంది. పైన తేట వంచుకుని తాగొచ్చు. అంతటి ఘనచరిత్ర ఉన్న జిల్లా ఆ తర్వాత ఏమీ కనిపెట్టలేదని కొందరు ఎత్తిపొడుస్తున్నారు. వాళ్ల కోసమే చెప్తున్నా: మా చర్చి సంఘం రెండో టెక్నిక్ కనిపెట్టింది. సేవలోంచి వినయాన్ని విడగొట్టడం. కలిపి వదిలేస్తే వినయం అడుక్కి పోతుంది, పైన తేటగా ఫొటో మిగులుతుంది.

క్రీస్తు కాలంలో ఈ సౌకర్యం లేదు. యోహాను సువార్త 13వ అధ్యాయం చదివితే జాలేస్తుంది. పళ్లెంలో నీళ్లు, నడుముకు తువ్వాలు, రాత్రి భోజనాల వేళ. శిష్యుల్లో ఎవరెవరి కాళ్లు కడగాలన్న వడపోతే లేదు. ఆ రాత్రే పట్టించబోయేవాడి కాళ్లు కూడా కడిగేశాడు. కమిటీ లేకపోతే ఇట్లాగే ఉంటుంది. ధర్మం చేసేటప్పుడు ముందర బూర ఊదించొద్దని ఆయనే మరోచోట అన్నాడు. ఆ మాట మేము అక్షరాలా పాటిస్తాం. మా ప్రోగ్రాముల్లో బూర ఉండదు. డీజే పెడతాం.

మిషనరీలూ అంతే, ముందుచూపు లేని మనుషులు. మెన్నోనైట్ బ్రదరన్ మిషన్ డాక్టరమ్మ కేథరిన్ షెల్లెన్‌బర్గ్ 1907లో అమెరికా నుంచి వచ్చింది. 1945లో శంషాబాద్‌లో కన్నుమూసేదాకా ఇక్కడి రోగులనే చూసుకుంది. 38 ఏళ్లు! ఏడాదికొకటి చొప్పున వేసుకున్నా 38 క్రిస్మస్ ఫ్లెక్సీలు చేజార్చుకుంది పాపం.

ఇక పోయినేడు పరిశుద్ధ గురువారం సంగతి. క్రీస్తు శిష్యుల కాళ్లు కడిగినదానికి గుర్తుగా ఆ రోజు చర్చిలో పన్నెండు మంది కాళ్లు కడుగుతారు. కాళ్లు కడిగించుకునే పన్నెండు మందిని ఎంపిక చేసే బాధ్యత నా మీద పడింది. మర్రిగూడ దిక్కు నుంచి ఒక తాత వచ్చాడు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దన్న సంగతి తెలియని బోరునీళ్లు చిన్నప్పటి నుంచి తాగినవాడు. మోకాళ్లు వంకర్లు పోయి, పాదం తొట్టిలో ఆనడం లేదు. "అయ్యా, తాత కాళ్లు ఫ్రేముల వస్తలేవు" అన్నాడు ఫొటోగ్రాఫర్. ఎంతో ప్రేమతో తాతను వరండాలోకి పంపి, చేతిలో రెండు అరటిపండ్లు పెట్టాం. ఆయన కుర్చీలో ఒక కాంట్రాక్టరు గారిని కూర్చోబెట్టాం. ఆయన పార్లర్‌లో గోళ్లు తీయించుకుని, సెంటు కొట్టుకుని మరీ వచ్చాడు. తొట్ల నిండా ఇరవై లీటర్ల క్యాన్ల మినరల్ వాటర్, పైన గులాబీ రేకులు.

చిక్కంతా కాళ్లు కడగాల్సిన మా చర్చి పెద్ద అయ్యగారితో వచ్చింది. తాతకు మోకాళ్లు చాపరావు, అయ్యగారికి మోకాళ్లు వంగవు. వంగకుండా కాళ్లు కడగడం ఎట్లా? బల్లలు తెప్పించి, కుర్చీలు వాటి మీదికెక్కించాం. పన్నెండు మంది సింహాసనాల మీద ఉన్నట్టు పైన కూర్చున్నారు, అయ్యగారు నిటారుగా నిలబడి చెంచాతో నీళ్లు చిలకరించారు. నాలుగో కాలు దగ్గర మైకు గుయ్యిమంది, మళ్లీ మొదటి కాలు నుంచి తీయాల్సి వచ్చింది. కాంట్రాక్టరు గారి పాదాలు రెండుసార్లు పరిశుద్ధమయ్యాయి.

ఇదే సమయంలో వరండాలో నిబంధనలకు విరుద్ధంగా ఒక సంఘటన జరిగింది. సర్కారు దవాఖానలో ఆయాగా చేసే మా సంఘం అక్క ఒకామె, మిగిలిన క్యాను ఒకటి దొరకబుచ్చుకుని తాత ముందర చతికిలబడింది.

"కాలు ఇటియ్యి తాతా."

"వద్దు బిడ్డా, మట్టికాళ్లు."

"మట్టికాళ్లే గద తాతా కడిగేటియి."

వంకర కాలుని తన ఒళ్లో పెట్టుకుని, పగుళ్లలో ఇరుక్కున్న మన్ను బొటనవేలితో తీసి, కొంగుతో తుడిచింది. తువ్వాలు లేదు, ఎందుకంటే సంఘం పేరు ముద్రించిన తువ్వాళ్లన్నీ లోపల ఉన్నాయి. ఫొటోగ్రాఫర్ చూసుకునేసరికి ఆమె నీళ్లు పారబోసి డ్యూటీకి వెళ్లిపోయింది. ఎంత నిర్లక్ష్యమో చూడండి.

అనుమతి లేకుండా సేవ చేసినందుకు సంజాయిషీ అడగాలని కమిటీలో కొందరు పట్టుబట్టారు. చివరికి పెద్దమనసు చేసుకుని, ఆమెకు ఈ ఏడు 'వినయ రత్న' షీల్డు ఇద్దామని తీర్మానించాం. షీల్డు తయారైంది. ఫోన్ చేస్తే ఆ రోజు వార్డులో డ్యూటీ ఉంది, రాలేనన్నది. ఇప్పుడు ఆమె బదులు స్టేజీ మీద ఆ షీల్డు ఎవరు అందుకోవాలన్నది తేలడం లేదు. నిన్నటికి ఏడుగురు పేర్లిచ్చారు. నాది మూడోది.